మేరీది పొగరు కాదండీ, 'మిస్సమ్మ'ని ఒక్కసారి మొత్తం చూడండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మాది విజయవాడ సత్యనారాయణపురం. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తుంటాను. ఇరవై ఏళ్ళుగా పొద్దున్నే మా గుమ్మంలో పడేది మీ పేపరే గానీ, ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదటిసారి, అదీ 'మిస్సమ్మ' గురించి. 1955 సంక్రాంతికి వచ్చిన సినిమా గురించి ఇప్పుడెందుకమ్మా అంటారేమో, చెప్తాను.

చవితికి ముందు ఒకరోజు ఆఫీసులో భోజనాల దగ్గర మా కొలీగ్ ఒకాయన ఫోన్లో చిన్న ముక్క చూపించాడు. సావిత్రి ఎన్టీఆర్ మీద విరుచుకుపడే సీను, నిమిషం కూడా ఉండదు. చూసి నవ్వి, "ఎంత పొగరండీ ఈవిడకి, పాపం రామారావు" అన్నాడు. పక్కనున్న ఇద్దరూ అదే మాట అన్నారు. అడిగితే ముగ్గురిలో ఒక్కరు కూడా సినిమా మొత్తం చూడలేదు. నాకు ముద్ద దిగలేదు. ఆ అమ్మాయి ఎందుకలా అరుస్తోందో తెలియదు, అరుపు ఒక్కటే తెలుసు. ఫోన్లలో తిరిగే ముక్కలన్నీ అలాంటివే. కథ పోయింది, కోపం మిగిలింది.

టీవీలో వేసినా అంతే. ఆ మధ్య ఒక ఛానెల్లో వస్తోందంటే ఆదివారం పనులన్నీ పక్కనపెట్టి కూర్చున్నాను. యాడ్స్‌కి చోటు కావాలని కాబోలు మొదటి భాగమంతా కత్తిరించేశారు. అప్పు సంగతి లేదు, డేవిడ్ వేషంలో రమణారెడ్డి వచ్చి పీక్కుతినడం లేదు, తిన్నగా అప్పాపురం తీసుకుపోయి పడేశారు. అసలు కథ నిలబడేదే అక్కడ కదండీ! సావిత్రి వేసిన మేరీ బి.ఏ. చదివింది. ఇంట్లో అప్పులు. అప్పిచ్చినవాడు డబ్బు బదులు నన్ను పెళ్ళి చేసుకో అంటున్నాడు. అప్పుడు పేపర్లో ప్రకటన కనిపిస్తుంది, అప్పాపురం జమీందారు స్కూల్లో పాఠాలు చెప్పడానికి బి.ఏ. చదివిన భార్యాభర్తలు కావాలని. ఉద్యోగం లేక తిరుగుతున్న రావుతో (ఎన్టీఆర్) కలిసి మొగుడూ పెళ్ళాలమని అబద్ధం చెప్పి ఆ ఉద్యోగంలో చేరుతుంది. ముక్కూమొహం తెలియని మగవాడితో ఒకే ఇంట్లో ఉండాలి, పొద్దున లేచిన దగ్గర్నుంచి నటించాలి, ఎక్కడ నిజం బయటపడుతుందో అని క్షణక్షణం టెన్షన్. ఆ పరిస్థితిలో ఉన్న ఏ ఆడపిల్లైనా కసురుకోదా? ఆ కోపం ఆమె తలుపు గడియలాంటిది. అది తీసేస్తే ఆమెకి ఇంకేం రక్షణ ఉంది చెప్పండి.

ఇది నాకు నిజంగా అర్థమైంది మొన్న వినాయక చవితి పందిట్లో. మా అపార్ట్‌మెంట్లో తొమ్మిది రోజులూ సాయంత్రాలు ఏదో ఒక కార్యక్రమం పెడతారు, నాలుగో రోజు ఖాళీ ఉందంటే 'మిస్సమ్మ' వేద్దామని నేనే పట్టుబట్టాను. (మా చిన్నప్పుడు గుంటూరులో మా అమ్మమ్మగారి వీధిలో పందిరి పక్కన తెర కట్టి సినిమా వేసేవాళ్ళు, తెరకి అటువైపు కూర్చుని తిరగేసి చూసినవాళ్ళలో నేనూ ఉన్నాను.) సెల్లార్లో రెండు స్తంభాల మధ్య తెల్ల దుప్పటి కట్టి, ఎవరో ప్రొజెక్టర్ తెచ్చి, దాదాపు మూడు గంటల సినిమా ఒక్క సీను కూడా కొయ్యకుండా వేశాం. యాభై మంది దాకా కూర్చున్నారు. బ్లాక్ అండ్ వైట్ అనగానే పిల్లలు లేచిపోతారేమో అనుకున్నాను. రేలంగి వచ్చేదాకా కొంచెం అటూ ఇటూ కదిలారు, తర్వాత కదల్లేదు. దేవయ్య డబ్బుని తైలం అంటాడు కదా, మా పై ఫ్లాట్లో నాలుగో క్లాసు పిల్లాడు మర్నాడు పొద్దున వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళి "తైలం" అని చెయ్యి చాపాడట. డెబ్బై ఏళ్ళ కిందట పింగళి నాగేంద్రరావు గారు రాసిన మాట అది.

నేను సినిమా కన్నా ఎక్కువ చూసింది చూసేవాళ్ళని. దుప్పటి గాలికి ఊగినప్పుడల్లా సావిత్రి మొహం కూడా ఊగుతోంది, అయినా ఎవరి కళ్ళూ పక్కకి పోవట్లేదు. మా తరం ఆడవాళ్ళు నవ్విన చోట ఒకటి, ఆడపిల్లలు నవ్విన చోట ఒకటి. రావు జమీందారు కూతురు సీతకి సంగీతం నేర్పుతుంటే మేరీ మొహం మాడ్చుకునే సీన్లకి ఇంజనీరింగ్ చదివే పిల్లలు చప్పట్లు కొట్టారు, 'లోపల ఇష్టం మొదలైంది చూడు' అని ఒకరినొకరు పొడుచుకుంటూ. ఆ పక్కనే జమీందారు మేనల్లుడు రాజుగా నాగేశ్వరరావు డిటెక్టివ్ పోజులు కొడుతూ, సీత మీద ఉక్రోషంతో తనూ వెళ్ళి మేరీ దగ్గర సంగీతానికి కూర్చుంటాడు. అప్పటికే దేవదాసు వేసి జనాన్ని ఏడిపించిన పెద్ద హీరో, ఇందులో ఆ చిన్న వేషం వేసుకుని ఎంత హాయిగా నవ్వించాడో! ముసలాళ్ళయితే జమీందారు వేసిన ఎస్వీఆర్ నోరు తెరవకముందే నవ్వేశారు. తర్వాత రాబోయే మాట వాళ్ళకి కంఠతా వచ్చు మరి.

'రావోయి చందమామ' వచ్చేసరికి మాత్రం ఎవరూ మాట్లాడలేదు. మొగుడూ పెళ్ళాలు కాని ఇద్దరు, మొగుడి మీద ఒకరు, పెళ్ళాం మీద ఒకరు చందమామకి ఫిర్యాదు చెప్పుకుంటారు. ఎంత అందమైన ఆలోచన అండీ! నిజం మనుషులకి చెప్పుకునే వీలు లేదు, చెప్తే ఉద్యోగం పోతుంది, అందుకని చంద్రుడికి చెప్పుకుంటున్నారు. రావు పాడే ఒక చరణంలో 'మతం' అనే మాట వస్తుంది. అభిప్రాయం అనుకున్నా సరిపోతుంది, మేరీ క్రైస్తవురాలు, రావు హిందువు కాబట్టి అలా అనుకున్నా సరిపోతుంది. ఎన్నేళ్ళుగా వింటున్నానో ఆ పాట, ఆ రెండో అర్థం నాకు ఆ రాత్రి సెల్లార్లోనే తట్టింది. ఇంట్లో ఒక్కదాన్నే వంట చేసుకుంటూ వింటే తట్టలేదు.

ఇంకొకటి చెప్పాలి. మేరీమాతని వేడుకునే పాట వచ్చినప్పుడు మా కింద ఫ్లాట్ మామ్మగారు, రోజూ సాయంత్రం దీపం పెట్టనిదే మంచినీళ్ళు ముట్టని మనిషి, కుర్చీలోనే చెప్పులు విడిచి రెండు చేతులూ జోడించింది. వినాయకుడి పందిరి పక్కనే. బెజవాడలో ఇది వింత కాదు. ఇంద్రకీలాద్రి మెట్లెక్కిన కాళ్ళతోనే ఫిబ్రవరిలో గుణదల కొండా ఎక్కుతాం, తిరునాళ్ళలో కొబ్బరికాయలు కొట్టేవాళ్ళు ఏ మతం వాళ్ళో ఎవరూ అడగరు. ఆ సినిమాలో కూడా మేరీ ప్రార్థన మీద ఎక్కడా నవ్వు ఉండదు. హాస్య చిత్రం తీస్తూ, ఆ ఒక్కచోట నవ్వు జోలికి పోకుండా తీశారు ఎల్వీ ప్రసాద్ గారు. అందుకే నాకు ఆయనంటే అంత గౌరవం.

అయితే సినిమా అయిపోయాక ఇంటర్ చదివే అమ్మాయి ఒకర్తి లేచి అడిగింది, "ఆంటీ, చివర్లో మేరీ ఆ జమీందారు గారి తప్పిపోయిన కూతురు మహాలక్ష్మే అని తేల్చారు కదా, తేలకపోతే పెళ్ళి చేసేవాళ్ళు కాదా?" అని. కుర్చీలు సర్దుతున్నవాళ్ళు ఆగిపోయారు. ఒక బాబాయి గారు "అప్పట్లో అంతవరకు చూపించడమే గొప్పమ్మా" అన్నారు. ఆ పిల్ల ఒప్పుకోలేదు. నాకూ ఆ పిల్ల అడిగింది న్యాయమే అనిపించింది. కానీ ఆ ప్రశ్న ఎలా వచ్చింది? మూడు గంటలు కదలకుండా కూర్చుని, మేరీ పక్షాన ఉండి చూసింది కాబట్టి వచ్చింది. ఫోన్లో నిమిషం ముక్క చూసినవాళ్ళకి పొగరు కనిపించింది, మొత్తం చూసిన పదిహేడేళ్ళ పిల్లకి మేరీకి జరగాల్సిన న్యాయం గురించి ఆలోచన వచ్చింది. నా బాధంతా ఈ తేడా గురించే.

ఈ సినిమా మనకి ఎంత దగ్గరిదో కూడా మర్చిపోతున్నాం. ప్రకాశం బ్యారేజీ దాటి తాడేపల్లి వైపు వెళ్తే సావిత్రి పుట్టిన చిర్రావూరు. ఆవిడ డాన్స్ నేర్చుకుని నాటకాలు వేసింది మన బెజవాడలో. సీత వేసిన జమున పెరిగింది దుగ్గిరాలలో. బెంగాలీ నాటకం 'మానమయీ గర్ల్స్ స్కూల్'ని మన ఇంటి కథలా మార్చిన చక్రపాణి గారిది తెనాలి. రామారావు గారు ఇక్కడ ఎస్సారార్ కాలేజీలోనూ, గుంటూరు ఏసీ కాలేజీలోనూ చదివారు. మేరీ వేషానికి ముందు అనుకున్నది భానుమతి గారిని, కొంత షూటింగ్ కూడా అయ్యాక ఆవిడ తప్పుకుంటే, సీత వేషం వెయ్యాల్సిన సావిత్రి మేరీ అయింది, సీత వేషం జమునకి వచ్చింది. అనుకోకుండా చేతికొచ్చిన అంత పెద్ద వేషంలో సావిత్రి కోప్పడుతూనే కళ్ళలో నీళ్ళు తిప్పుకోవడం చూడాలంటే తెర పెద్దది కావాలి. అరచేతిలో అది కనపడదు.

అందుకే మీ పేపరు ద్వారా మన గాంధీనగర్ డిస్ట్రిబ్యూటర్లనీ, విజయవాడ, గుంటూరు థియేటర్ల వాళ్ళనీ ఒకటే అడుగుతున్నాను. హీరోల పుట్టినరోజులకి పాత మాస్ సినిమాలు మళ్ళీ వేస్తున్నారు, కాగితాలు ఎగరేసుకుంటూ కుర్రాళ్ళు చూస్తున్నారు, సంతోషం. 'మిస్సమ్మ'కి కూడా ఒక్క మార్నింగ్ షో ఇవ్వండి. ప్రింట్ దొరకదు అనకండి. 2024 సెప్టెంబరులో నాగేశ్వరరావు గారి శతజయంతికి పాత సినిమాల్ని కాపాడే ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్ళు దేశంలో చాలా ఊళ్ళలో ఆయన సినిమాలు పది వేస్తే అందులో 'మిస్సమ్మ' ఉంది. అప్పుడు మా అత్తగారు ఆసుపత్రిలో ఉండడంతో నేను ఆ చుట్టుపక్కలకి కూడా పోలేకపోయాను. డిసెంబరు 6న సావిత్రి పుట్టినరోజు వస్తోంది. ఆ దగ్గర్లో ఏ ఆదివారమైనా ఫర్వాలేదు, ఇంటర్వెల్ ఇవ్వండి, సీను మాత్రం కొయ్యకండి. కాలేజీల తెలుగు శాఖల వాళ్ళు పిల్లల్ని పంపితే ఇంకా మంచిది.

మా అపార్ట్‌మెంట్ నుంచి ఇరవై మంది ఇప్పటికే పేర్లిచ్చారు. ఇరవై ఒకటో టికెట్టు మా ఆఫీసు కొలీగ్‌కి నేనే కొంటున్నాను, వస్తానని ఒప్పుకున్నాడు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
సత్యనారాయణపురం, విజయవాడ