ఆయిల్‌పామ్ రైతుల సంఘం 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ముందుగా హాలు ఇచ్చిన గుడి కమిటీ పెద్దలకి, షామియానా డబ్బులు తీసుకోని తమ్ముడికి, ప్రతి మీటింగుకీ టీ పంపిన అక్కలకి థాంక్స్. పెదవేగి పరిశోధన సంస్థకి వెళ్ళేటప్పుడు సొంత డీజిల్‌తో వ్యాన్ పెట్టిన సభ్యుడు పేరు వద్దన్నారు కాబట్టి రాయట్లేదు, అందరికీ తెలుసులెండి.

ధరల సంగతి కొత్తగా చెప్పేదేముంది. 2024 సెప్టెంబర్లో కేంద్రం ముడి పామాయిల్ దిగుమతి సుంకం 5.5 నుంచి 27.5 శాతానికి పెంచాక గెలలు టన్ను 20 వేలు దాటాయి, హమ్మయ్య అనుకునేలోపే 2025 మే నెలాఖర్న మళ్ళీ తగ్గించారు. తోటల్లో అంతరపంటగా వేసుకున్న కోకో సంగతి ఇంకా అన్యాయం, 2024లో కిలో గింజలు వెయ్యి దాకా అమ్మినోళ్ళం ఏడాది తిరక్కుండా సగం ధరకి బతిమాలుకోవాల్సొచ్చింది. ఏలూరు ధర్నాకి వచ్చిన సభ్యులకి దండాలు.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకునేది ఆడవాళ్ళతో పెట్టిన ఇంటి లెక్కల మీటింగు. మగాళ్ళం వెనక కూర్చున్నాం. ఒక్కొక్కరూ లేచి చెప్తుంటే తెలిసింది ఏంటంటే గెలల డబ్బు మన అకౌంట్లో పడి క్రాప్ లోనుకి, పిల్లల ఫీజులకి, గెలలు కోసే ముఠా కూలీకి పోతోంది, ఇంటి కిరాణా ఖర్చు నడిపేది మాత్రం గేదె పాలు, కోకో డబ్బులొస్తే చిట్టీకి. ముసలి తోటలున్నోళ్ళకి ఇంకో బాధ, చెట్టు ఎత్తు పెరిగే కొద్దీ కోత కూలీ పెరుగుతోంది, కొట్టేసి కొత్తగా వేద్దామంటే మూడు నాలుగేళ్ళు గెల రాదు. ఆ నాలుగేళ్ళూ ఎకరానికి 57 మొక్కల మధ్య ఖాళీలో మొక్కజొన్న, అరటి, కూరగాయలు వేసి ఎట్లా నెట్టుకొచ్చిందో ఒక చెల్లెమ్మ పైసాతో సహా చెప్పింది, ఏ ట్రైనింగులోనూ అంత వివరంగా వినలేదు. కౌలు రైతుల గోడు కూడా అక్కడే బయటపడింది, గెలల డబ్బు యజమాని పేరు మీదే జమవుతుంది, ఆయన ఇచ్చినప్పుడే వీళ్ళకి.

ఆ మీటింగుకి వస్తానన్న ఆఫీసరు గారి కుర్చీ సాయంత్రం దాకా ఖాళీనే. మన కుర్రాళ్ళు కూడా వాట్సాప్ గ్రూపులో బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నారు, కుర్చీలు సర్దింది అరవై దాటినోళ్ళే.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, కాగితం నోటీసు బోర్డుకి అంటించాం, రసీదులు ట్రెజరర్ దగ్గరున్నాయి, చందా బకాయిలున్నోళ్ళు కట్టేయండి.

వచ్చే ఏడాది కోత ముఠా మనమే పెట్టుకుందామని తీర్మానం ఉంది. ముఠాలోకి వచ్చే కుర్రాళ్ళు గ్రూపులో కాదు, నా దగ్గరికొచ్చి పేరు రాయించుకోండి.

ఇట్లు,
కార్యదర్శి