షిఫ్ట్ మారే ఆ కాసేపు

ప్రియమైన రవీ,

నీ ఉత్తరం అందింది. షిఫ్ట్ ఇన్‌చార్జ్‌వి అయ్యావని సంతోషపడేలోపే మిగతా పేజీలన్నీ గొడవలతో నింపేశావు. పగటి షిఫ్ట్ ఆపరేటరూ రాత్రి షిఫ్ట్ కెమిస్టూ మాట్లాడుకోవడం మానేశారా? బ్యాచ్ పాడైందని వాట్సాప్ గ్రూపులో అందరి ముందూ నువ్వంటే నువ్వని తిట్టుకున్నారా? ఇద్దరినీ నిలబెట్టి చేతులు కలిపిస్తానంటున్నావు. వద్దురా. నీ మాట కాదనలేక చేతులు కలుపుతారు, కానీ కోపం మాత్రం కడుపులోనే ఉంటుంది.

నా అనుమానమంతా షిఫ్ట్ మారే ఆ కాసేపటి మీదే. మన కెమికల్ ప్లాంట్లలో జరిగేది నీకు తెలియనిదా? గేటు దగ్గర బస్సు హారన్ కొడుతుంటుంది. డ్యూటీ దిగేవాడు పరుగు, డ్యూటీ ఎక్కేవాడు ఆలస్యం. మెట్ల మీద ఎదురుపడి "అంతా నార్మలే కదా?" "నార్మలే" అనుకుని వెళ్లిపోతారు. రియాక్టర్‌లో టెంపరేచర్ ఎందుకు పెరుగుతోందో, ఏ వాల్వ్ సగంలో వదిలేశారో లాగ్‌బుక్‌లో ఉండదు. తెల్లారేసరికి బ్యాచ్ పోతుంది, నింద మొదలవుతుంది.

స్కాట్లండ్ దగ్గర ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే ఆయిల్ ప్లాట్‌ఫారం ఉండేది. 1988 జులై 6న పగటి షిఫ్ట్ వాళ్లు ఒక పంపుకి సంబంధించిన సేఫ్టీ వాల్వ్ విప్పారు. పని పూర్తికాక, ఆ చోట గొట్టం మూయడానికి తాత్కాలికంగా ఒక బిళ్ల బిగించి వెళ్లారు. ఆ సంగతి రాత్రి షిఫ్ట్‌కి చేరలేదు. పంపు మరమ్మతుకి ఒక పర్మిట్, అంటే పని అనుమతి కాగితం, వాల్వ్‌కి ఇంకో పర్మిట్, రెండూ వేర్వేరు చోట్ల. రాత్రి రెండో పంపు ఆగిపోతే, సిద్ధంగానే ఉందనుకుని మొదటిది ఆన్ చేశారు. గ్యాస్ లీకై పేలింది. 167 మంది పోయారు. అది చదివినప్పటి నుంచీ మెట్ల మీద "నార్మలే" అన్న మాట వింటే నాకు గుండె దడే.

అందుకే బస్సుని కాస్త ఆలస్యంగా కదిలించమని మేనేజ్‌మెంట్‌ని అడుగు. నువ్వు గట్టిగా పట్టుబట్టాల్సింది దీనికోసమే. దిగేవాడూ ఎక్కేవాడూ రియాక్టర్ దగ్గరే నిలబడి మాట్లాడుకోవాలి: ఏది నడుస్తోంది, ఏది ఆగింది, ఏది విప్పి ఉంది. విన్నవాడు తన మాటల్లో తిరిగి చెప్పాలి. ఒడిశా, బీహార్ కుర్రాళ్లతో ఇది మరీ ముఖ్యం. "సమఝ్ గయా?" అంటే అర్థం కాకపోయినా తల ఊపుతారు. "ఇప్పుడు నువ్వేం చేస్తావో చెప్పు" అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది.

జూనియర్లు నోరు విప్పడం లేదని కూడా రాశావు. విప్పితే సరిపోదురా, వినేవాడుండాలి. 2010 మే 22న దుబాయ్ నుంచి మంగళూరు వచ్చిన విమానంలో, దిగొద్దని, మళ్లీ పైకి లేపుదామని కోపైలట్ మూడుసార్లు చెప్పాడు. కెప్టెన్ దించేశాడు. 158 మంది చనిపోయారు. రేపు హెల్పర్ కుర్రాడెవరైనా "సార్, వాసన తేడాగా ఉంది" అంటే, పని ఆపి వెళ్లి చూడు. వాడి అనుమానం తప్పని తేలినా అందరి ముందూ మంచి మాట చెప్పు. అది చూశాకే మిగతావాళ్లకు ధైర్యం వస్తుంది.

ఇక ఆ ఇద్దరి సంగతి. ముందు విడివిడిగా కూర్చోబెట్టు. "తప్పెవరిది?" అని మొదలుపెట్టకు. "నువ్వు డ్యూటీ ఎక్కేసరికి ఏం కనిపించింది? నీకేం చెప్పారు?" అని అడిగి, అడ్డు రాకుండా విను. ఆపరేటర్ వయసులో పెద్దవాడు, చదువుకున్న కుర్రాడు తన అనుభవాన్ని లెక్కచేయలేదని బాధ ఉండొచ్చు. కుర్రాడికేమో సంతకం తనది కాబట్టి మెమో తనకే వస్తుందని టెన్షన్. ఇద్దరి బాధా నిజమే. ఆ తర్వాత లాగ్‌బుక్ ముందుపెట్టి కలిపి కూర్చోబెట్టు. గ్రూపులో మాత్రం ఈ గొడవ గురించి ఒక్క ముక్క కూడా రాయకు, రాయనివ్వకు.

వాళ్లతో మాట్లాడాక ఏమన్నారో వివరంగా రాయి. బస్సు సంగతి మేనేజర్ ఒప్పుకోకపోతే ఫోన్ చెయ్యి, ఇక్కడ మావాళ్లని ఎలా ఒప్పించామో చెబుతాను. అమ్మని అడిగానని చెప్పు. నైట్ డ్యూటీల్లో వేళకి తిను.

నీ
మూర్తి