డెబ్భై ఏళ్ల సేద్యానికి రెండు తేదీలేనా?

సంపాదకుల వారికి,

జిల్లా పేజీల్లో శ్రద్ధాంజలి ప్రకటనలు రోజూ చూస్తుంటాం. భుజాన కండువాతో ఒక పెద్దాయన ఫొటో, కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ, ఆ కింద కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు, మనవలు. డెబ్భై ఏళ్లు సేద్యం చేసిన మనిషి ఏ నేల దున్నాడో, ఏ కాలువ నీటికి రాత్రులు కాపలా కాశాడో, ఏ విత్తనాన్ని ఇంట నిలుపుకున్నాడో ఒక్క ముక్క ఉండదు. ఇంట్లోవాళ్లకు ప్రేమ లేక కాదు. పెద్దకర్మ నాటికి రాద్దామని కూర్చుంటే, అడగడానికి ఆయన ఉండడు. రాయడం ఆయన ఉండగానే మొదలవ్వాలి. ఎలా రాస్తే పదికాలాలు నిలుస్తుందో కాస్త వివరంగా చెప్పడానికే ఈ ఉత్తరం.

అచ్చులో పడే ఆ రెండు తేదీల్లో మొదటిది చాలాసార్లు తప్పే. బడిలో చేర్చిన రోజున పంతులుగారు లెక్క సరిపోయేలా వేసిన తేదీయే ఎంతోమందికి పుట్టినరోజు అయింది. ఆధార్‌కు వయసు మాత్రం చెప్పినవాళ్లలో చాలామందికి జనవరి 1 పడింది. అందుకని పెద్దాయనను ఇంగ్లిషు సంవత్సరం అడక్కండి. తెలుగు సంవత్సరం పేరు అడగండి, వాళ్లమ్మ చెప్పిన పేరు గుర్తుంటుంది. అరవై పేర్ల వరుసలో అది ఎన్నోదో చూసి 1926 కలిపితే చాలు. ప్రభవ ఒకటోది, 1927 ఉగాదికి మొదలైంది. ప్రజోత్పత్తి ఐదోది, అంటే 1931. జనవరికీ ఉగాదికీ మధ్య పుట్టినవాళ్లకు ఇంకొకటి కలపాలి: ప్రజోత్పత్తి మాఘం 1932లో వస్తుంది. ఇంకో పొరపాటు, పెద్దవాళ్లు నిండిన ఏళ్లు కాక నడుస్తున్న ఏడు చెబుతారు. ‘ఎనభై తొమ్మిదో ఏడు’ అంటే నిండినవి ఎనభై ఎనిమిదే.

పుట్టుకకు మాసం అడగాలి, సేద్యానికి కార్తె (సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే సుమారు రెండు వారాలు) అడగాలి. తిథులు ఏటా ముందుకూ వెనక్కూ జరుగుతాయి గానీ, కార్తెలు సూర్యుడి నడకను బట్టి కాబట్టి దాదాపు అదే తేదీకి వస్తాయి. రోహిణి మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో. ‘ఆరుద్రలో నారు పోసేవాళ్లం’ అన్నాడంటే అది ఆ ఊరికి నీళ్లు ఎప్పుడు అందేవో చెప్పే సాక్ష్యం.

మిగతా జీవితానికి ఊరంతా ఎరిగిన సంఘటనలే మైలురాళ్లు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. గోదావరి పెద్ద వరద 1986 ఆగస్టు. సాగర్ కాలువలకు మొదట నీళ్లు వదిలింది 1967 ఆగస్టు. నిజాం పాలన ముగిసింది 1948 సెప్టెంబరు. ‘బావి ఎప్పుడు తవ్వారు’ అంటే తడుముకునే మనిషి, ‘ఉప్పెన నాటికి బావి ఉందా? పెద్దబ్బాయి అప్పటికి నడుస్తున్నాడా?’ అంటే వెంటనే చెబుతాడు. నయాపైసలు 1957 ఏప్రిల్‌లో వచ్చాయి కదా అని, కూలి అణాల్లో చెప్పగానే అంతకు ముందుదని రాసేయకూడదు. పావలాను ‘నాలుగణాలు’ అనడం ఆ తర్వాత చాలాకాలం సాగింది.

కొలతల దగ్గర అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరుగుతాయి. నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి అని పుస్తకం లెక్క. కానీ కుంచం ఊరూరికీ మారేది. ‘ఎకరాకు పుట్టిన్నర పండింది’ అన్న మాటను పుస్తకం చూసి కిలోల్లోకి మార్చితే ఆయన పంటను మనమే తగ్గించినట్టో పెంచినట్టో అవుతుంది. అటక మీద ఆ ఇంటి కుంచం ఉంటే దించండి. ఎండిన ధాన్యం పోసి, పైన కర్రతో గీసి, కాటా మీద మూడుసార్లు తూచి సగటు రాయండి. మినుములు, పెసలు కొలిచిన కుంచమైతే వాటితోనే తూచాలి, ఎందుకంటే ఒకే కుంచంలో వాటి బరువూ వడ్ల బరువూ ఒకటి కావు. బస్తాల్లో చెబితే ఎన్ని కిలోల బస్తా అని తప్పక అడగాలి. డెల్టాలో 75 కిలోల లెక్కన ముప్పై బస్తాలంటే ఇరవై రెండున్నర క్వింటాళ్లు. భూమికీ అంతే: ఆంధ్రలో ఎకరం వంద సెంట్లు, తెలంగాణలో నలభై గుంటలు. గుంట అంటే రెండున్నర సెంట్లు.

విత్తనాల పేర్లు కాలాన్ని పట్టిస్తాయి. ఐ.ఆర్. 8 వరి మన పొలాల్లోకి వచ్చింది 1960ల రెండో సగంలో. మార్టేరు స్వర్ణ 1982లో, బాపట్ల సాంబమసూరి 1986లో విడుదలయ్యాయి. ‘ఉప్పెనలో మా స్వర్ణ కొట్టుకుపోయింది’ అంటే పొరపాటు పడ్డాడన్నమాట. బహుశా అంతకు ముందు నుంచీ ఉన్న మసూరి అయుంటుంది, స్వర్ణ పుట్టిందే మసూరితో చేసిన సంకరంలో. అలాంటిచోట ఆయన మాటను కొట్టేయకుండా అలాగే రాసి, పక్కన సరైన సంవత్సరం వేయాలి. కృష్ణకాటుకలు, మొలగొలుకులు వంటి పాత రకాలు చెబితే మాత్రం వదలకండి. గింజ రంగు, ఎన్ని రోజుల పంట, ముంపుకు ఆగేదా, గడ్డి ఎంత ఎత్తు, అన్నీ రాయాలి. గడ్డి పొడవు మనకు చిన్న విషయం, ఎడ్ల జతను మేపిన మనిషికి అది సగం పంట.

పొలాలకు కాగితాల్లో సర్వే నంబర్లు, ఇంట్లో పేర్లు: చింతచెట్టు చేను, మెరక, దిబ్బ మీది మడి. రెండూ ఒకచోట రాయకపోతే ఆ పేర్లు ఆయనతోనే పోతాయి. అడంగల్‌లో, తెలంగాణలో పహాణీలో, ఏ నంబరులో ఏ పంట ఉందో ఏటా ఎక్కించేవారు. వాటి మీద ఉండేది ఫసలీ సంవత్సరం, అంటే శిస్తు లెక్కల సంవత్సరం. ఇప్పటి లెక్కన దానికి 590 కలిపితే జులైలో మొదలయ్యే సంవత్సరం వస్తుంది. ఉప్పెన ఏడు ఫసలీ 1387. పాత శిస్తు రశీదులు, దస్తావేజులు చిరుగుతున్నాయని లామినేషన్ చేయించకండి. ఒకసారి అతికిస్తే మళ్లీ విడదీయలేరు. మడతలు చేత్తో సాపు చేసి, ఫొటో తీసి, కాగితపు కవర్లలో పెట్టి, చెదలు చేరనిచోట ఉంచాలి. ఫొటోల వెనక పేర్లు పెన్సిల్‌తో తేలిగ్గా రాయాలి. బాల్‌పెన్ ఒత్తిడి ముందువైపు కనబడుతుంది.

ఇక మాట్లాడించడం. ‘మీ జీవితం చెప్పండి తాతయ్యా’ అంటే ‘చెప్పడానికేముందిరా’ అంటాడు. చేతికి పాత నాగలి కర్రు (ఇనుప మొన) గానీ, మేడి (పిడి) గానీ ఇస్తే ఏ వడ్రంగి చేశాడో, ఏ చెట్టు కలపో, ఎద్దు ఎత్తును బట్టి కాడికి ఎక్కడ కట్టు వేయాలో వరసగా వస్తుంది. పొద్దున పూట, ముప్పావుగంటకు మించకుండా. ఫ్యాను ఆపి, ఫోను జానెడు దూరంలో పెట్టి, మొదట తేదీ, ఊరు, పేరు పలికి రికార్డు చేయాలి. వినికిడి తక్కువైతే అరవొద్దు, బాగా వినిపించే చెవి వైపు కూర్చుని నిదానంగా అడగాలి. బామ్మను వేరే రోజు, ఒంటరిగా అడగాలి. విత్తనం ఏ కుండలో దాచారు, వేపాకు వేశారా, బూడిద కలిపారా, ఏ గేదె ఏ ఏడు ఈనింది అనేవి ఆవిడకే తెలుసు. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెడితే ఒకరే మాట్లాడతారు.

ఒక్క విషయంలో గట్టిగా చెప్పాలనుంది. ఏ రైతూ ఒంటిచేత్తో సేద్యం చేయలేదు. ఇంట్లో ఏళ్ల తరబడి ఉన్న పాలేర్ల పేర్లు, నాట్లు వేసిన ఆడవాళ్ల పేర్లు, ఏడాది జీతం ఎన్ని బస్తాలు, పండగకు ఏం ఇచ్చేవారు, అదీ రాయాలి. ఇది దాచి పెద్దాయనను పొగిడితే ఆయన జీవితమే సగం అబద్ధమవుతుంది. అప్పులు, దాయాదుల తగాదాలు కూడా అడిగి రాసుకోండి. అచ్చుకు ఇవ్వక్కర్లేదు, కవరులో పెట్టి ఇంట్లో ఉంచితే చాలు.

సంపాదకులను ఒకటి కోరుతున్నాను. రైతుల శ్రద్ధాంజలి ప్రకటనల్లో నాలుగు వరుసలు అదనపు రుసుము లేకుండా ఇవ్వండి: ఏ నేల, ఏ నీరు, ఏ విత్తనం, ఎవరెవరితో కలిసి. ప్రకటన తీసుకునేవారు ఆ నాలుగూ అడగడం మొదలుపెడితే ఇళ్లలోనూ అడగడం మొదలవుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు