ఎర్త్ వైరులో వెలుగు

జయపురం,
కొరాపుట్ జిల్లా.

ప్రియమైన బావకు,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. జవాబు ఆలస్యం కావడానికి కారణం బద్ధకం కాదు, నువ్వు చివర్లో వేసిన ఆ ఒక్క ప్రశ్న. "కొండ మీది ఊళ్లకు కూడా కరెంటు తీగ వెళ్లింది కదా, ఆ తీగలోనే ఇంటర్నెట్టు కూడా పంపించేస్తే సరిపోదా? ముప్ఫై ఏళ్లు సబ్‌స్టేషన్లలో పనిచేసినవాడివి, నువ్వే చెప్పాలి" అని రాశావు. రెండు ముక్కల్లో తేలే విషయమైతే కార్డు మీద రాసి పడేసేవాణ్ణి. అలా తేలేది కాదు కనుక తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

మొదటి సంగతి, తీగలో మాట పంపడం మాకు కొత్త కాదు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో మా కంట్రోల్ రూములో ఒక నల్లటి ఫోను ఉండేది. దానికీ ఊళ్లోని టెలిఫోన్ ఎక్స్ఛేంజికీ ఏ సంబంధమూ లేదు. కరెంటు మోసే లైను మీదనే మా గొంతు అవతలి సబ్‌స్టేషనుకు వెళ్లేది. దాన్ని పీఎల్‌సీసీ అనేవాళ్లం. లైను యార్డులోకి దిగేచోట పెద్ద బుట్టంత తీగచుట్ట వేలాడుతూ ఉంటుంది చూడు, దాన్ని వేవ్ ట్రాప్ అంటారు. యాభై సైకిళ్ల కరెంటును సాఫీగా పోనిచ్చి, మాటను మోసే ఎక్కువ ఫ్రీక్వెన్సీని మాత్రం ఆపి పక్కకు మళ్లించడం దాని పని. వాన పడితే అందులో జీలకర్ర వేయించినట్టు చిటపటలు వినిపించేవి. రాత్రి డ్యూటీలో అవతలివాడు "లైన్ క్లియర్ ఇచ్చాను" (అంటే లైనులో కరెంటు ఆపాను, పని చేసుకోవచ్చు అని) అన్నాడో "ఇవ్వలేదు" అన్నాడో తెలియక, ప్రాణాలతో వ్యవహారం కాబట్టి, ముమ్మారు చెప్పించుకుని పుస్తకంలో రాసుకునేవాళ్లం.

ఆ పద్ధతినే పెంచి ఇళ్ల తీగల్లో ఇంటర్నెట్టు పంపుదామని ప్రపంచంలో చాలామంది ప్రయత్నించారు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని మనాసస్ అనే పట్టణం ఊరంతటికీ అలాగే ఇచ్చింది, 2010లో ఆ సేవను మూసేసింది. కారణాలు నీకు సులభంగానే అర్థమవుతాయి. పెద్ద లైను రెండు సబ్‌స్టేషన్ల మధ్య తిన్నగా వెళుతుంది, రెండు కొసల్లోనూ కాపలాగా ట్రాపులు ఉంటాయి. వీధిలోని తీగ అలా కాదు, గజానికొక కొమ్మ వేస్తుంది. ఒక ఇంట్లో మిక్సీ, మరో ఇంట్లో బోరు మోటారు తిరుగుతూ ఆ తీగలోకి గోల నింపుతాయి. ట్రాన్స్‌ఫార్మరు అంత ఎక్కువ ఫ్రీక్వెన్సీని సరిగా దాటనివ్వదు కాబట్టి, ప్రతి ట్రాన్స్‌ఫార్మరు దగ్గరా సంకేతాన్ని చుట్టు తిప్పి పంపే పెట్టె పెట్టాలి. కప్పు లేని తీగ యాంటెన్నాలా పనిచేసి చుట్టుపక్కల రేడియోలను పాడుచేస్తుంది. అందుచేత నీ ఆలోచన తెలివైనదే గాని, తీగ లోపలి దారి మన పనికి రాదు.

పనికొచ్చేది తీగ వెంట ఉన్న దారి. అసలు సంగతి ఇక్కడే ఉంది.

నేను ఈ ఉత్తరం రాస్తుంటే కాగితం ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా ఒక లోహపు ముక్కను బరువుగా పెట్టాను. జానెడు పొడవు, బొటనవేలి కంటే కాస్త సన్నం. లైను మార్చిన రోజున నేలపాలైన ముక్కల్లోంచి తెచ్చుకున్నది. పైన అల్యూమినియం పూత ఉన్న ఉక్కు తీగలు తాడులా పేనుకుని ఉంటాయి; వాటి మధ్య పెన్ను రీఫిల్లు అంత స్టీలు గొట్టం ఒకటి ఉంటుంది; దాన్ని కోసి చూస్తే జిగురు జిగురుగా జెల్లీ, ఆ జెల్లీలో నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ రంగుల్లో వెంట్రుకల్లాంటి గాజు పోగులు. మా మనవరాలు దీన్ని చూసి "తాతయ్యా, ఇది రంగుల సేమ్యానా?" అంది. దీని పేరు ఓపీజీడబ్ల్యూ. టవరు కొట్టకొనన, కరెంటు తీగలన్నిటికీ పైన, పిడుగును తాను తీసుకుని భూమిలోకి దించే ఎర్త్ వైరు ఉంటుందని నీకు తెలుసు కదా, అదే ఇది. కడుపులో గాజు పోగులు దాచుకున్న ఎర్త్ వైరు. ఆ పోగుల్లో కబురు వెలుగు రూపంలో పోతుంది. గాజుకు కరెంటు సోకదు, పక్కన నాలుగు లక్షల వోల్టులు పోతున్నా వెలుగుకు ఏ అడ్డూ రాదు. ఒక కేబులులో సాధారణంగా 24 లేదా 48 పోగులు ఉంటాయి. బ్రేకర్ల సంకేతాలు, లోడు లెక్కలు, మా మాటలు అన్నీ కలిపినా విద్యుత్ సంస్థకు కావలసినవి కొన్నే. మిగిలినవి చీకట్లో ఉంటాయి. వాటిని డార్క్ ఫైబర్ అనే పిలుస్తారు.

ఇంటర్నెట్టు ఖరీదు గాజు పోగులో లేదు బావా, తవ్వకంలో ఉంది. మన తూర్పు కనుమల రాయి సంగతి నీకు తెలుసు. ఇక్కడి కోంధు గిరిజనుల పేరు మీదనే దానికి ఖొండలైట్ అని పేరు పెట్టారు. ఆ రాతిలో అడుగు లోతు కాలువ తీయాలంటేనే బ్రేకరు మిషను కావాలి. పైగా అడవికి ఒక అనుమతి, రోడ్డుకు ఒకటి, పంచాయతీకి మరొకటి. ఇన్నీ దాటి పాతిన కేబులు ఎంతకాలం ఉంటుందంటే, రోడ్డు వెడల్పు చేయడానికి జేసీబీ వచ్చేదాకా. మా వీధిలో పాతిన కేబులును ఆరు నెలల్లో మూడుసార్లు తెంపారు. పాతినవాళ్లు తవ్వినవాళ్లదే తప్పన్నారు, తవ్వినవాళ్లు పాతినవాళ్లు గుర్తు రాయి వేయలేదన్నారు, నెల బిల్లు మాత్రం మాకు ఠంచనుగా వచ్చింది.

లైను దారికి ఈ తిప్పలు ఎప్పుడో తీరిపోయాయి. ఇందులో ఒక తమాషా కూడా ఉంది. మన లైన్లు జనం పొలాల మీదుగా టవర్లు వేసుకునే అధికారం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం నుంచి వచ్చింది. 2003 విద్యుత్ చట్టం 164వ సెక్షను ద్వారా ఆ అధికారాన్నే విద్యుత్ సంస్థలకు ఇవ్వవచ్చు. ఒకప్పుడు తంతి తన దారిని కరెంటుకు అప్పిచ్చింది. ఇప్పుడు ఆ తంతి మనవడు వచ్చి కరెంటును దారి అడుగుతున్నాడు.

మన ప్రాంతంలో ఆ దారులు తక్కువేమీ కాదు. 1955లో మొదలైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం నుంచి, బలిమెల నుంచి, ఎగువ కొలాబ్ నుంచి లైన్లు కొండలెక్కి దిగుతాయి. మా జయపురం నుంచి మీ గాజువాకకు వెళ్లే 400 కేవీ లైను 1999 నుంచి తూర్పు గ్రిడ్డునూ దక్షిణ గ్రిడ్డునూ కలుపుతోంది. ఇంత ఉండి కూడా, పోయిన నెల గురువారం సంతకు ఒనకడిల్లి వెళ్లినప్పుడు నేను చూసినదేమిటో చెబుతాను. మాచ్‌ఖండ్ పవర్‌హౌస్‌కు దగ్గరలోనే, పసుపూ చింతపండూ అమ్ముకోవడానికి కొండ దిగిన ఒక కుర్రాడు కొన్నవాడి ఫోన్‌పే డబ్బు పడిందో లేదో తెలియక, ఫోను పైకెత్తి పట్టుకుని దిబ్బ ఎక్కి నిలుచున్నాడు. ఐదు నిమిషాలకు డబ్బు పడిన మోత వినిపించింది. అతని తల మీదుగానే లైను పోతోంది.

ఆ వెలుగు అక్కడే ఎందుకు దిగదు అంటావు. టవరు మధ్యలో ఫైబర్ను కోసి పాయ తీయడం చిన్న పని కాదు. లైనుకు షట్‌డౌన్ తీసుకోవాలి, పోగులను స్ప్లైసింగ్ మిషనుతో ఒక్కొక్కటిగా అతకాలి, అక్కడ ఒక పెట్టె పెట్టాలి, దానికి కరెంటు ఇవ్వాలి. నాలుగు లక్షల వోల్టుల తీగ కింద నిలబడి ఒక బల్బుకు కూడా కరెంటు తీసుకోలేవు. అందుచేత ఫైబరు దిగేది సబ్‌స్టేషనులోనే. నా దృష్టిలో మొత్తం వ్యవహారానికి కీలకం ఆ సబ్‌స్టేషనే. దానికి కంచె ఉంది, రాత్రింబవళ్లు మనిషి ఉంటాడు, సరఫరా పోయినా నడిచే బ్యాటరీ గది ఉంది. పరికరాలు పెట్టుకోవడానికి అంతకన్నా సిద్ధమైన చోటు ఏ మారుమూల పంచాయతీలోనూ దొరకదు. అక్కడి నుంచి ఊళ్లకు 33 కేవీ, 11 కేవీ స్తంభాలు ఎలాగూ ఉన్నాయి. వాటి మీద కరెంటు తీగలకు కింద తగిన ఎడం ఇచ్చి, లోహమే లేని ఏడీఎస్ఎస్ కేబులును వేలాడదీయవచ్చు. తూటాలను ఆపే చొక్కాల్లో వాడే ఆరమిడ్ నారే తన బరువును తాను మోసే బలం దానికి ఇస్తుంది.

ఇదంతా పగటికల అనుకోకు. మీ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ ఇలా స్తంభాల మీద వేలాడినదే కదా. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి కోవింద్ ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్టు కలిపి ఇస్తామన్నారు. కాలువ తవ్వి ఉంటే ఆ ధర ఎవరి నోటి నుంచీ వచ్చేది కాదు. కెన్యాలో విద్యుత్ సంస్థ తన లైన్ల మీది పోగులను టెలికాం కంపెనీలకు అద్దెకిచ్చింది. ఫేస్‌బుక్ కంపెనీ అయితే 2020లో ఒక రోబోను చూపించింది. స్తంభాల మధ్య కరెంటు తీగ మీదనే పాకుతూ, దాని చుట్టూ ఫైబర్ను చుట్టుకుంటూ పోతుంది. పట్టుపురుగు శాస్త్రీయ నామంలోని బాంబిక్స్ అనే పేరే దానికి పెట్టారు. పేరు నాకు నచ్చింది. కానీ మన లైన్ల మీది జంపర్లనూ, వంగిన క్రాస్ ఆర్ములనూ, ఇరుక్కున్న గాలిపటాలనూ చూస్తే ఆ పురుగు ఏమంటుందో!

బ్రెజిల్ కథ మాత్రం గుర్తుపెట్టుకోవలసింది. అక్కడ విద్యుత్ లైన్ల మీది ఫైబర్ను నడపడానికి ఎలెట్రోనెట్ అనే సంస్థ 1999లో పుట్టి, 2003లో దివాలా తీసింది. వేల కిలోమీటర్ల గాజు కోర్టు గొడవల మధ్య ఏళ్ల తరబడి తీగల మీదనే ఉండిపోయింది. 2010లో జాతీయ బ్రాడ్‌బ్యాండ్ పథకం వచ్చినప్పుడు దాన్ని వాడుకోవాలని తలపెట్టారు. పైన వెలుగు దారి ఉన్నంత మాత్రాన కింద ఫోను వెలగదు. పోగును ఎవరు అద్దెకిస్తారు, ఎంతకిస్తారు, తెగితే ఎవరు అతుకుతారు అన్నదే ధరను తేలుస్తుంది. మన దేశంలో ఆ తలుపు చట్టమే తెరిచి ఉంచింది; విద్యుత్ చట్టం 41వ సెక్షను ప్రకారం ట్రాన్స్‌మిషన్ సంస్థ తన ఆస్తులతో వేరే వ్యాపారం చేసుకోవచ్చు, ఆ రాబడిలో కొంత భాగం మాత్రం కరెంటు మోసే చార్జీలను తగ్గించడానికి వాడాలి. అంటే పోగు అద్దెకు పోతే మన కరెంటు ఖర్చుకూ కాస్త ఊరట. పంచాయతీలకు ఫైబరు చేర్చడానికి 2011లో ఆమోదం పొంది తరువాత భారత్‌నెట్ అయిన పథకంలో కూడా బీఎస్ఎన్ఎల్, రైల్‌టెల్‌తో పాటు పెద్ద లైన్లు నడిపే కేంద్ర సంస్థ పవర్‌గ్రిడ్‌కు పని అప్పగించారు. అంటే ఈ దారి సంగతి పైవాళ్లకు తెలియక కాదు.

నువ్వు అభ్యంతరం చెప్పకముందే నేనే చెబుతాను, స్తంభం పడితే దాని మీది ఫైబరూ పడుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు పర్లాకిమిడిలో మా చిన్నాన్నగారింటి వీధిలో స్తంభాలు వరుసగా ఒరిగిపోయాయి. కరెంటువాళ్లు ముందు కరెంటు చూసుకుంటారు, ఫైబరు వంతు తరువాతే. అలాగే ఉండాలి కూడా. అయినా నా ఓటు వేలాడే కేబులుకే. నేలలో తెగినదాన్ని ఓటీడీఆర్ మిషను ఎన్నో కిలోమీటరు దగ్గర తెగిందో చెబుతుంది గాని, అక్కడ మళ్లీ తవ్వాలి. స్తంభం మీద తెగినది దారిన పోయే పశువుల కాపరికి కూడా కనిపిస్తుంది. ఊళ్లో కేబుల్ టీవీ నడిపే కుర్రాడికి స్ప్లైసింగ్ నేర్పి, నెలకింత అని ఇచ్చి, ఆ బాధ్యత అప్పగిస్తే చాలు. కొండ మీది ఊరికి పట్నం నుంచి ఇంజినీరు రావాలని కూర్చుంటే మాత్రం ఏ పథకమూ నిలవదు.

సంక్రాంతికి కిరండూల్ రైల్లో వస్తానన్నావు కదా. అరకు దాటాక కిటికీ దగ్గర కూర్చుని టవర్లు కనిపించినప్పుడల్లా వాటి కాళ్లను చూడు. కొన్ని కిలోమీటర్లకు ఒకచోట, మనిషికి అందనంత ఎత్తులో, చుట్టచుట్టిన కేబులూ దాని పక్కన కుండ తలకిందులుగా బిగించినట్టు చిన్న డబ్బా కనిపిస్తే, అక్కడ పోగులు అతికారని అర్థం. జయపురం స్టేషనులో దిగేసరికి ఎన్ని కనిపించాయో లెక్క చెప్పు. నేను టీ ఫ్లాస్కుతో ప్లాట్‌ఫారం మీదే ఉంటాను.

నీ బావ