ఆదివారం ఫోన్ చెయ్యి, తల్లీ

చిరంజీవి బుజ్జికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, కళ్లద్దాలు మార్పించుకుంది. చిన్నాడు పరీక్షల టెన్షన్‌లో ఉన్నాడు. నీ గది కిటికీ గడియ ఊడిపోతే నిన్న నేనే బిగించాను. నీ పుస్తకాలు తడవలేదు, కంగారుపడకు.

నీ ఫోన్ వచ్చి మూడు వారాలైంది. షాపులో రద్దీ రోజులు, నాకు తెలుసు. పొద్దస్తమానం నిలబడే పని. మడమలు వాస్తున్నాయని క్రితంసారి అన్నావు కదా, మెత్తటి అడుగున్న నల్ల బూట్లు కొరియర్‌లో పంపాను. అందాయా? సైజు సరిపోయిందా? రాత్రి పడుకునేముందు కాసేపు గోరువెచ్చని నీళ్లలో కాళ్లు పెట్టుకో. బద్ధకించకు.

మొన్న పెద్దత్తయ్య వచ్చి వెళ్లింది. మాటల్లో మీ షాపు సంగతి కూడా వచ్చింది. అది తర్వాత రాస్తాను.

చేరిన కొత్తలో నువ్వు ఒక మాట అన్నావు. ఖరీదైన వస్తువులు అమ్మేవాళ్లు కాస్త బిగువుగా ఉంటేనే వస్తువుకి విలువ పెరుగుతుందని ట్రైనింగ్‌లో చెప్పారని, దాని మీద పరిశోధన కూడా జరిగిందని. అది నా మనసులోంచి పోలేదు. చిన్నాడి చేత వెతికించి చదివాను. మోర్గన్ వార్డ్, డారెన్ డాల్ అనే ఇద్దరు 2014లో అచ్చు వేయించింది. చులకనగా చూస్తే కొందరికి ఆ వస్తువు మీద మోజు పెరిగిన మాట నిజమే. కానీ అది బాగా పేరున్న ఖరీదైన బ్రాండ్ల దగ్గరే, మామూలు వాటి దగ్గర కాదు. పైగా కొన్నాళ్లు గడిచేసరికి ఆ మోజు తగ్గిపోయిందని కూడా అందులోనే ఉంది. ఆ ముక్క మీకు ఎందుకు చెప్పలేదో నాకు అర్థం కాలేదు.

పెద్దనాన్న రిటైరైనప్పుడు పెన్ను కొనడానికి వెళ్లిన రోజు నీకు గుర్తుండదు. నా వేలు పట్టుకుని నువ్వూ వచ్చావు. అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్లాం. కౌంటర్ వెనక ఇద్దరు కుర్రాళ్లున్నారు, ఒక్కరూ తలెత్తలేదు. అద్దాల పెట్టెలో నల్ల సిరా పెన్ను ఒకటి నాకు నచ్చింది. "అది చూపించు బాబూ" అన్నాను. "అది కాస్ట్లీ అండీ" అన్నాడు. నేను ధర అడగనే లేదు. పర్లేదు, చూపించమన్నాను. తాళంచెవి మేనేజర్ దగ్గరుంది, ఆయన బయటికెళ్లారు అన్నాడు. సరే, ఆగుతానన్నాను. పాళీ బంగారమా, పూతా అని అడిగితే "అన్నీ బంగారమే" అన్నాడు, కనీసం వంగి చూడకుండా. 14 క్యారెట్ల పాళీ అయితే దాని మీద సాధారణంగా 585 అని చెక్కి ఉంటుంది. అద్దంలోంచి చూస్తే నాకే కనపడుతోంది, దాని మీద ఏ అంకే లేదు.

నువ్వు అద్దానికి రెండు చేతులూ ఆనించి లోపలున్న గాజు ఏనుగుని చూస్తున్నావు. ఆ కుర్రాడు పసుపు గుడ్డ తీసుకొచ్చి, నీ చేతులు ఇంకా అక్కడ ఉండగానే చుట్టూ తుడవడం మొదలుపెట్టాడు. నువ్వు చేతులు వెనక్కి తీసుకుని నా మొహంలోకి చూశావు. పది నిమిషాలకి సూటు వేసుకున్నాయన ఒకరు వచ్చి అదే పెన్ను వైపు వేలు చూపించారు. తాళంచెవి ఆ కుర్రాడి చొక్కా జేబులోంచే వచ్చింది.

ఏమీ కొనకుండా వచ్చేశాం. పెద్దనాన్నకి నేను వాడే పెన్నే శుభ్రంగా కడిగి ఇచ్చాను. ఇన్నేళ్లయినా ఆ షాపు ముందునుంచి వెళ్లాలంటే మనసొప్పదు. నన్నన్నందుకు కాదు తల్లీ, ఆ గుడ్డ.

మీ కష్టం తెలియక రాయడం లేదు. టార్గెట్లు, నెత్తిమీద కెమెరా, ఏ వస్తువు పోయినా మీ మీదికే వస్తుందన్న భయం. అయినా చెప్పకుండా ఉండలేను. బహుమతి కొనడానికి వచ్చేవాళ్లు తమ కోసం రారు. ఇంకొకరి మొహం మనసులో పెట్టుకుని, ఫలానా రోజుకి ఇవ్వాలని వస్తారు. రేపు చూద్దాంలే అనుకునే వీలు వాళ్లకి ఉండదు. ధర చెప్పేముందు ఎవరికోసమని అడుగు. తెలియంది తెలియదని చెప్పు, కనుక్కుని చెప్పు. వాచీ అమ్మితే వారంటీ కార్డు మీద తేదీ వేసి, ముద్ర కొట్టి ఇవ్వు. ధర లేని రశీదు అడిగితే అనుమానంగా చూడకు, పుచ్చుకున్నవాళ్లు మార్చుకోవడానికి అడుగుతారు. మళ్లీ పాఠం మొదలుపెట్టానని అమ్మ అంటోంది.

అత్తయ్య చెప్పింది ఇదీ. నీకు చెప్పకుండా చూసి సంతోషిద్దామని మీ షాపుకి వచ్చిందట. ఒక పెద్దావిడ మనవరాలికి పర్సు కావాలని అడిగితే, "అవి మీ రేంజ్ కాదండీ" అని నువ్వు అటు తిరిగిపోయావట. అత్తయ్య పలకరించకుండానే వచ్చేసింది. నేను నమ్మలేదు. అత్తయ్య దూరంగా నిలబడింది, సగం విని ఉంటుంది.

2013లో అమెరికా టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రీ కూడా ఇలాంటిదే చెప్పింది. జ్యూరిచ్‌లో ఒక షాపులో హ్యాండ్‌బ్యాగు చూపించమంటే, అది మీకు మరీ ఖరీదవుతుందన్నారని. స్విస్ పర్యాటక సంస్థ క్షమాపణ కూడా చెప్పింది. అక్కడ పనిచేసే అమ్మాయి తాను ఆ మాట అనలేదంది. ఆ అమ్మాయి మాట ఎంతమంది విన్నారో ఏమో. నీ మాట నేను వినాలి. అనలేదంటే సరే. అన్నానంటే, ఆ రోజు ఏం జరిగిందో చెప్పు. ఒంట్లో బాగోలేదా? మేనేజర్ ఏమైనా అన్నాడా? నేను కోప్పడను.

ఆదివారం పొద్దున్న ఫోన్ దగ్గరే ఉంటాను. బూట్లు బిగుతైతే వేసుకోకుండా పెట్టెలోనే ఉంచు, మార్పిస్తాను.

నాన్న