లాగ్ కాపీ డ్రైవరు చేతికి రావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను టెక్సస్‌లో డాలస్ పక్కన ఐర్వింగ్‌లో ఉంటాను. సొంత ట్రక్కు ఉంది, నేనే నడుపుతాను. మా నాన్నగారు విజయవాడ ఆటోనగర్ నుంచి లారీ తిప్పే రోజుల్లో సీటు కింద ఒక పొడుగు నోటుబుక్కు ఉండేది. ఎక్కడ లోడెత్తారు, ఎక్కడ దించారు, డీజిలు ఎంత, క్లీనరు బత్తా ఎంత, అన్నీ అందులోనే. ట్రిప్పు అయ్యాక అది ఇంటి బీరువాలోకి చేరేది. ఐదేళ్ల కిందటి కిరాయి గురించి ఎవరైనా అడిగినా తీసి చూపించేవారు. ఇక్కడ నా పుస్తకం నా దగ్గర ఉండదు. ఆ సంగతి మీ పత్రిక ద్వారా ఇక్కడి తెలుగు డ్రైవర్లకూ, వాళ్ల ట్యాక్సులు చూసే తెలుగు సీపీఏలకూ (అకౌంటెంట్లకు) చెప్పాలని రాస్తున్నాను.

2017 డిసెంబర్ 18 నుంచి అమెరికాలో రాష్ట్రాలు దాటి సరుకు తోలే ట్రక్కుల్లో చాలావాటికి ఎలక్ట్రానిక్ లాగింగ్ పరికరం తప్పనిసరి. ఈఎల్‌డీ అంటాం, అది రాసే లెక్కను లాగ్ అంటాం. ఇంజిన్‌కు తగిలించే చిన్న డబ్బా, దానికి తోడు ఒక ట్యాబ్లెట్టో ఫోనో. బండి కదిలితే చాలు, డ్రైవింగ్ అని దానంతట అదే రాసుకుంటుంది. నడుస్తున్నంతసేపూ గంటకోసారి ఎక్కడున్నామో కూడా నమోదు చేస్తుంది. 11 గంటలకు మించి నడపకూడదు, మళ్లీ స్టీరింగ్ పట్టుకోవాలంటే 10 గంటల విశ్రాంతి ఉండాలి. ఈ నియమాల కోసం పెట్టిన పరికరం అది. నాకు దాని మీద కోపం లేదు. నిద్ర చాలని డ్రైవరు ఎంత ప్రమాదమో రోడ్డు మీద చూసినవాణ్ని.

అయితే పన్ను విషయంలో కూడా మాకు దాన్ని మించిన సాక్ష్యం లేదు. సొంత బండి వ్యాపారం చేసుకునే డ్రైవరు ఇల్లు వదిలి బయట పడుకోవాల్సిన ట్రిప్పుల్లో రోజుకింత అని భోజనం ఖర్చు కింద ఇక్కడి ఆదాయపు పన్ను శాఖ ఐఆర్ఎస్ ఒప్పుకుంటుంది. 2024 అక్టోబర్ నుంచి అమెరికా లోపల అది రోజుకు 80 డాలర్లు. మా డ్రైవర్లకైతే అందులో 80 శాతం ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. ఏడాదికి 240 పూర్తి రోజులు రోడ్డు మీద ఉంటే 15,360 డాలర్లు. చిన్న మొత్తం కాదు. తిన్న ప్రతి పూటకూ బిల్లు చూపించక్కర్లేదు కానీ ఏ తేదీన ఎక్కడున్నామో, పని మీదే ఉన్నామో లేదో చూపించాలి. కంపెనీలో జీతానికి నడిపేవాళ్లకు 2018 నుంచి ఈ మినహాయింపే లేదు, 2025లో చేసిన చట్టంతో ఇక ఎప్పటికీ లేకుండా పోయింది. వాళ్లకు జరిగిన అన్యాయం గురించి విడిగా రాయాలి.

చిక్కు ఎక్కడంటే, ఆ లాగ్‌లను మన బండి ఏ కంపెనీ కింద నడుస్తుందో ఆ కంపెనీ ఆరు నెలలు దాస్తే చాలని రవాణా నియమం చెబుతుంది. ఐఆర్ఎస్ మాత్రం రిటర్ను వేసిన మూడేళ్ల వరకూ లెక్క అడగొచ్చు. రాష్ట్రాల మధ్య డీజిలు పన్ను పంచే ఇఫ్టా రికార్డులు నాలుగేళ్లు ఉంచాలి. అదే బండి, అవే మైళ్లు, అవే రాత్రులు. ఒక ఆఫీసు చెరిపేసుకోవచ్చన్న కాగితాన్నే ఇంకో ఆఫీసు తెమ్మంటుంది.

2023లో నా బండిని ఒక కంపెనీకి లీజుకిచ్చి నడిపాను. ఆ ఏడాది బయట ఉన్న రోజులు 231 అని ఈఎల్‌డీ యాప్‌లో చూసి లెక్కపెట్టి, ఆ అంకె రాసుకున్నాను. 2024లో రిటర్ను వేశాక వేరే కంపెనీకి మారాను. మారిన సాయంత్రమే పాత లాగిన్ ఆగిపోయింది. నిరుడు ఐఆర్ఎస్ నుంచి ఉత్తరం వచ్చింది, 231 రోజులకూ రుజువు చూపించమని. పాత కంపెనీకి ఫోన్ చేస్తే ఆరు నెలలు దాటాయి, తీసేశాం అన్నారు. వాళ్లు నియమం తప్పలేదు.

ఇక మిగిలింది చెప్పుల డబ్బాలో పడేసిన డీజిలు రసీదులు, కాటా చీటీలు. డ్యాష్‌బోర్డు మీద ఎండకు వాటి మీద అక్షరాలు ఎగిరిపోయాయి. మా ఆవిడ వంటింటి లైటు కింద ఒక్కో కాగితాన్ని ఏటవాలుగా పట్టుకుని, ఊరు పేరు కూడబలుక్కుని చదివి, తేదీ కోసం తిప్పి తిప్పి చూసేది. మూడు వారాలు ఇంట్లో అదే టెన్షన్. చివరికి 160 రోజులు నిలబడ్డాయి, మిగతావి కొట్టేశారు. పన్ను, వడ్డీ కట్టాను. న్యూ మెక్సికోలో గ్యాలప్ దగ్గర మంచుకు రోడ్డు మూసేస్తే హీటరు కోసం ఇంజిన్ ఆపకుండా రెండు రాత్రులు బండిలోనే పడుకున్నాను. ఆ రెండూ లెక్కలోకి రాలేదు. ఆ రెండు రోజులూ నేను డీజిలు కొట్టించలేదు మరి, రసీదు ఎక్కడిది? ఈఎల్‌డీలో మాత్రం స్లీపర్ బెర్త్ అని నిమిషాలతో సహా ఉండేది.

ఆ ఆరు నెలల్లో డ్రైవరు తన లాగ్‌లు తాను తీసుకోవచ్చని, కంపెనీ కాదనకూడదని నియమంలో ఉంది. నాకు ఆ మాట తెలిసేసరికి ఆలస్యమైపోయింది. కంపెనీలో చేరిన రోజు ట్యాబ్లెట్ ఎలా వాడాలో గంటసేపు చెప్పారు, ఇది మాత్రం చెప్పలేదు. పరికరాలతో ఇంకో గొడవ కూడా ఉంది. తమది నియమం ప్రకారమే ఉందని అమ్మేవాళ్లే రాసిచ్చుకునే పద్ధతి ఇక్కడ ఏళ్ల తరబడి నడిచింది. లోపాలున్నాయని తేలితే ప్రభుత్వం జాబితాలోంచి తీసేస్తుంది, అప్పుడు మామూలుగా 60 రోజుల్లో వేరేది బిగించుకోవాలి. ఆ హడావుడిలో పాత డబ్బాలో ఉన్న మన రోజులు ఏమవుతాయో అడిగేవాళ్లు ఉండరు.

డ్రైవరు కంపెనీ మారిన రోజున అప్పటివరకూ ఉన్న లాగ్‌లన్నీ ఒక ఫైలుగా అతని చేతికి ఇచ్చి తీరాలని నియమం రావాలి. చేసిన పనికి ఎంత ఇచ్చారో చూపే 1099 పన్ను ఫారం జనవరి 31 లోపు అడక్కుండానే పంపుతున్నారు కదా, ఇదీ అలాగే రావాలి. కంపెనీ దాచాల్సిన గడువు కూడా ఇఫ్టాతో సమానంగా నాలుగేళ్లు చేయాలి. గడువు పెంచితే మన మీద నిఘా పెరుగుతుందని నా స్నేహితులు కొందరు భయపడుతున్నారు. ఆ భయం అర్థం లేనిది కాదు. అందుకే నేను ముందు అడిగేది డ్రైవరు కాపీ. ప్రభుత్వం దగ్గర ఎక్కువకాలం పెట్టమని నేను అనడం లేదు.

తెలుగు సీపీఏలకు ఒక మనవి. ట్రక్కు డ్రైవరు మీ దగ్గరికి వస్తే ఎన్ని రోజులు బయట ఉన్నావని అడిగి ఊరుకోకండి. లాగ్ ఫైలు దించుకున్నావా అని అడగండి. జనవరిలో అడిగితే వెనకటి ఆరు నెలలైనా దక్కుతాయి, ఏప్రిల్‌లో అడిగితే అందులోనూ సగం పోతాయి.

నియమం మార్చమని, ఈ ట్రక్కు నియమాలు చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ మోటార్ క్యారియర్ సేఫ్టీ అడ్మినిస్ట్రేషన్‌కు ఎవరైనా అర్జీ పెట్టుకోవచ్చు. ఇక్కడ నాకు తెలిసిన నలుగురం తెలుగు డ్రైవర్లం కలిసి ఆ అర్జీ రాస్తున్నాం. ఈలోగా ప్రతి నెలాఖరునా, బండి ఏ ట్రక్ స్టాపులో ఉన్నా సరే, ఆ నెల లాగ్‌ను పీడీఎఫ్ చేసి మెయిల్‌కు పంపుకుంటున్నాను. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో ఏడాదికొక ఫోల్డరు పెట్టింది మా ఆవిడ. 2023 ఫోల్డరులో ఆ చెరిగిపోయిన రసీదుల ఫొటోలు తప్ప ఏమీ లేవు.

ఇట్లు,
ఒక ట్రక్కు డ్రైవరు,
ఐర్వింగ్, టెక్సస్