షుగర్‌కు క్రోమియం మాత్రలా?

సంపాదకులకు,

నల్లగొండ, పాలమూరు మందుల దుకాణాల్లో షుగర్ తగ్గాలని క్రోమియం పికోలినేట్ (క్రోమియం అనే ఖనిజం ఉన్న మాత్ర) అడిగి కొంటున్నారు. మాత్రలో 200 మైక్రోగ్రాములు ఉండటం మామూలే. అమెరికాలో 2001లో పెద్దలకు చాలునన్న రోజు మోతాదు మగవారికి 35, ఆడవారికి 25 మైక్రోగ్రాములు మాత్రమే. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2014లో, ఆరోగ్యవంతులకు దీనివల్ల మేలు జరుగుతుందనడానికి ఆధారం లేదని తేల్చింది.

ఇన్సులిన్ లేదా గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర వాడేవారు దీన్ని జతచేస్తే షుగర్ మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం దాని గుర్తులు. కిడ్నీ జబ్బున్నవారు డాక్టరును అడగకుండా అసలు ముట్టకూడదు. థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టకుండా ఇది అడ్డుపడుతుంది, కనుక రెంటికీ మధ్య మూడు నాలుగు గంటల ఎడం ఉండాలి. ఇది ఎవరూ చెప్పడం లేదన్నదే మా బాధ.

తిండిలో ఉండేది త్రిసంయోజక క్రోమియం, అంటే క్రోమియం-3 అనే రూపం. తిన్నదాంట్లో నూటికి రెండున్నర వంతులకు మించి ఒంటబట్టదు. పొట్టు తీయని ధాన్యం, పప్పులు, మాంసంలో కొద్దికొద్దిగా దొరుకుతుంది. మన జొన్నరొట్టె, పప్పు ఉండగా మాత్ర దేనికి? లోహపు పూత పనుల్లో వాడే షట్సంయోజక క్రోమియం (క్రోమియం-6) వేరు, అది క్యాన్సర్ కారకం. అలాంటి ఫ్యాక్టరీల దగ్గరి బోరు నీటిని పరీక్ష చేయించాలి. లీటరుకు మొత్తం క్రోమియం 0.05 మిల్లీగ్రాము దాటితే ఆ నీరు తాగకూడదు.

— కొందరు ఫార్మసిస్టులు, నల్లగొండ